ఆరుగురు పిల్లలతో చలికాలం తిరుపతి

అక్క హైదరాబాద్‌లో, తమ్ముడు బెంగళూరులో, నేను చిత్తూరులో. ముగ్గురికీ కలిపి ఆరుగురు పిల్లలు. పెద్దవాడు అక్క కొడుకు, తొమ్మిదేళ్లు. చిన్నది అక్క కూతురు, పదకొండో నెల నడుస్తోంది. మధ్యలో ఏడేళ్ల మా పాప, ఆరేళ్ల అక్క రెండోవాడు, నాలుగేళ్ల తమ్ముడి కొడుకు, మూడేళ్ల మా చిన్నోడు. చలికాలం సెలవుల్లో అందరినీ ఒకచోట చేర్చి ఎక్కడికైనా తీసుకెళ్దామని దసరా నుంచే ఫోన్లలో మాటలు నడుస్తున్నాయి. చంటిదాని పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయిస్తామని మొక్కు ఉంది. పదకొండో నెల దాటకూడదని అమ్మ పట్టు. కాబట్టి తిరుపతి అని తేలడానికి పెద్దగా సమయం పట్టలేదు. ఎప్పుడు వెళ్లాలి, ఎలా తిరగాలి అన్నదానికే బోలెడు ఆలోచించాం.

చలికాలం అనగానే డిసెంబర్ అనుకుంటారు బయటి ఊళ్లవాళ్లు. మా వైపు నవంబర్, డిసెంబర్ మొదటి సగం వానల కాలం. ఈశాన్య రుతుపవనాలు, వాటి వెనకే బంగాళాఖాతంలో వాయుగుండాలు. 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో వరద పారింది, 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. పసిపిల్లలతో ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు ఎక్కడం నాకు ఇష్టం లేదు. జనవరికి వానలు వెళ్లిపోతాయి, చెరువుల్లో నీళ్లుంటాయి, పగలు ఎండ హాయిగా ఉంటుంది.

కానీ జనవరిలోనూ చూసుకోవాల్సింది ఒకటుంది, వైకుంఠ ఏకాదశి. ఆ రోజు నుంచి పది రోజులు కొండమీద ఉత్తర ద్వార దర్శనం ఉంటుంది. లక్షల మంది వస్తారు. భక్తికి మంచి రోజులే, చంటిపిల్లలకు మాత్రం కాదు. 2025 జనవరిలో టోకెన్ల కోసం తిరుపతిలో గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. ఆ వార్త చూసినవాళ్లెవరూ పిల్లలను ఎత్తుకుని ఆ గుంపులోకి వెళ్లరు. ఈ ఏకాదశి చాంద్రమానం లెక్క కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారిపోతుంది. 2025లో అయితే జనవరి 10న ఒకటి, డిసెంబర్ 30న ఇంకొకటి, రెండు వచ్చాయి. అందుకని ముందు పంచాంగం చూసి, ఆ పది రోజులు కొట్టేసి, భోగికి ముందు మిగిలిన రోజులు తీసుకున్నాం. భోగి నాటికి అందరూ చిత్తూరులో మా ఇంట్లో ఉండాలన్నది అమ్మ మాట.

తర్వాత చూడాల్సిన చోట్ల జాబితా. తమ్ముడు పంపిన జాబితాలో తలకోన, హార్స్‌లీ హిల్స్, శ్రీకాళహస్తి, కైలాసనాథకోన అన్నీ ఉన్నాయి. నేను సగానికి పైగా కొట్టేశాను. హార్స్‌లీ హిల్స్ చలికాలంలో ఎంత బాగుంటుందో నాకు తెలుసు. నాలుగు వేల అడుగుల ఎత్తు, పొద్దున్నే మంచు, యూకలిప్టస్ వాసన. కానీ తిరుపతి నుంచి మదనపల్లె మీదుగా పోయి కొండెక్కేసరికి ఒక పూట అయిపోతుంది, వచ్చేటప్పుడు ఇంకో పూట. మూడేళ్లవాడికి కొండమీది గాలి గుర్తుండదు, బండిలో కూర్చున్న గంటలు మాత్రం గుర్తుంటాయి. రోజుకు ఒక్కటే చోటు, అదీ పొద్దున పూటే, మధ్యాహ్నం అందరూ పడుకోవాలి, సాయంత్రం ఊరికే తిరగాలి అని చెప్పేశాను. "అంత దూరం నుంచి వచ్చి పడుకోవడమా?" అన్నాడు తమ్ముడు. పడుకోవడమే. నిద్ర చాలని పిల్లవాడికి ఎంత మంచి చోటు చూపించినా ఏడుపే వస్తుంది.

బస కూడా ఒక్కచోటే. తిరుపతిలో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, మూడు గదులు, లిఫ్ట్ ఉంది. రెండు చోట్ల ఉంటే సామాను విప్పడం, కట్టడం, ఎవరి పాలసీసా ఎక్కడుందో వెతకడంతోనే రోజు గడిచిపోతుంది. పైగా రాత్రి పదింటికి పాలు కాచుకోవడానికి, గుప్పెడు బియ్యం ఉడికించుకోవడానికి పొయ్యి ఉండటం పిల్లల తల్లికి ఎంత ధైర్యమో చెప్పలేను. బండి పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్, డ్రైవర్‌తో సహా మాట్లాడుకున్నాం. పెద్దవాళ్లం ఏడుగురం: నేను, మావారు, అక్క, బావ, తమ్ముడు, మరదలు, అమ్మ.

మొదటి రోజు: చంద్రగిరి

పొద్దున ఇడ్లీలు తిని కాస్త తీరిగ్గా తొమ్మిదింటికి చిత్తూరులో బయల్దేరాం. తిరుపతి డెబ్బై కిలోమీటర్లు, రోడ్డు బాగుంది. దారిలోనే చంద్రగిరి. చేరేసరికి పదిన్నర.

కోటను పిల్లలకు చూపించడమంటే చరిత్ర పాఠం చెప్పడం అనుకునేవాళ్లుంటారు. చంద్రగిరిలో పిల్లలకు కావలసింది పరిగెత్తడానికి చోటు, అది కావలసినంత ఉంది. రాజమహల్ ముందు పచ్చిక, వెనకాల బండరాళ్ల కొండ, పక్కన రాణీమహల్. కొండమీది కోట జోలికి మేం పోలేదు. బండి దిగగానే పిల్లలను ఒక పావుగంట వాళ్ల ఇష్టానికి వదిలేశాం. పరుగులు తీరాకే లోపలికి. ఇలా చేస్తే మ్యూజియంలో వాళ్లు నిలబడతారు, లేకపోతే అద్దాల పెట్టెల మధ్య పరిగెత్తుతారు. మ్యూజియం పురావస్తు శాఖది, శుక్రవారం సెలవు. ఆ రోజు వచ్చినవాళ్లు బయటి గోడలు చూసి వెనక్కి పోవలసిందే.

రాజమహల్ మూడంతస్తుల భవనం. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, పైకప్పుల్లో కలప వాడలేదు. కిటికీల్లోంచి గాలి ధారాళంగా వస్తుంది. పెద్దోడికి బావ ఒక సంగతి చెప్పాడు. 1639లో సముద్రం ఒడ్డున ఇంత నేల కావాలని ఇంగ్లీషు వాళ్లు అడిగితే, ఆ నేల ఇచ్చింది చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే, ఆ నేల మీద పుట్టిందే ఈనాటి చెన్నై అని. వాడు కాసేపు ఆలోచించి, "అయితే చెన్నై మనదేనా?" అన్నాడు. వాడి తమ్ముడికి ఇవేమీ పట్టలేదు. గోడలో పావురం గూడు కనిపెట్టి అక్కడే నిలబడిపోయాడు. పదిహేను నిమిషాలు చూసి ఉంటాడు. మేం కదిలించలేదు.

సాయంత్రం అక్కడ లైట్ అండ్ సౌండ్ షో ఉంటుంది. చూడదగ్గదే. చీకటి పడ్డాక చలిలో చంటిపిల్లలను కూర్చోబెట్టడం ఇష్టం లేక వదిలేశాం. ఒంటిగంటకల్లా తిరుపతి చేరి, వండుకొచ్చిన పులిహోర, పెరుగన్నం తిని పడుకున్నాం. సాయంత్రం పిల్లలు అపార్ట్‌మెంట్ కింద ఆడుకున్నారు, మరదలు, నేను మార్కెట్‌కు పోయి పాలు, అరటిపండ్లు, బొరుగులు తెచ్చాం. అంతే.

రెండో రోజు: జూ

పొద్దున గీజర్ పని చేయలేదు. బకెట్లో వేసే హీటర్ రాడ్ మావారు ముందే సర్దారు కాబట్టి స్నానాలు ఆగలేదు. చలికాలం చిన్నపిల్లలతో పోయేవాళ్లు ఆ రాడ్ ఒకటి పెట్టుకోండి. వాడేటప్పుడు మాత్రం స్నానాల గదిలోకి పిల్లలను రానివ్వకూడదు, స్విచ్ తీసి రాడ్ బయట పెట్టాకే నీళ్లు ముట్టాలి.

శ్రీ వెంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987లో పెట్టింది. విస్తీర్ణం 5,532 ఎకరాలు. శేషాచలం కొండల కిందే ఉంటుంది, కాబట్టి జూలో నడుస్తున్నట్టు కాక అడవి అంచున తిరుగుతున్నట్టే ఉంటుంది. మంగళవారం సెలవు. ఇంత పెద్ద చోటును చిన్నపిల్లలతో నడిచి చూడటం కుదరదు, బ్యాటరీ వాహనం ఎక్కాలి. మేం తెరవగానే వెళ్లాం. చలికాలపు పొద్దుల్లో జంతువులు ఎండకోసం బయటికొస్తాయి. ఎండ ముదిరితే నీడకు పోయి పడుకుంటాయి, పిల్లలు "ఎక్కడ, ఎక్కడ" అంటూ కంచెలు పట్టుకుని వేలాడతారు. మాకు తెల్లపులి నడుస్తూ కనిపించింది. ఎలుగుబంటి వీపు రాయికేసి రుద్దుకుంటోంది. నెమళ్లు దారికి అడ్డంగా పోయాయి.

మూడేళ్ల మా చిన్నోడికి నచ్చింది ఏంటో తెలుసా? కోతి. బోనులోది కూడా కాదు, చెట్టుమీదిది. మా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ చూసి కిందికి దిగింది. తిండి బయటకు తీయకండి అని డ్రైవరన్న చెప్పే ఉన్నాడు, వెంటనే సంచిలో పెట్టేశాం. తిరుపతి, తిరుమల, తలకోన ఎక్కడికి పోయినా ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లవాడి చేతిలో తినే వస్తువుంటే కోతి వాడి ఎత్తుకు సరిగ్గా వస్తుంది.

పదకొండున్నరకు ఆరేళ్లవాడు కాళ్లు నొప్పులన్నాడు, నాలుగేళ్లవాడు ఊరికే ఏడుపు మొదలుపెట్టాడు. ఇంకా సింహాలు చూడలేదు. బావ "వచ్చాం కదా, చూసేసి పోదాం" అన్నారు. అక్క ఒప్పుకోలేదు. అక్క చేసిందే సరైన పని. బండెక్కి పది నిమిషాలైందో లేదో నలుగురు నిద్రపోయారు. సాయంత్రం ఆరింటికి లేచి, గోవిందరాజస్వామి గుడి గాలిగోపురం చుట్టూ ఉన్న వీధుల్లో తిరిగాం. చెక్కబొమ్మలు, గాజులు, పూసల దండలు. పిల్లలకు తలా ఒక బొమ్మ కొనిపెట్టింది అమ్మ. "అవ్వా, నాకు ఇంకోటి" అని మా పాప అడిగితే అదీ కొంది. అవ్వలతో వెళ్తే బడ్జెట్ లెక్కలు పక్కన పెట్టాలి.

మూడో రోజు: తిరుమల

అన్నిటికంటే ముందుగా ఏర్పాటు చేసుకున్న రోజు ఇదే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. అక్టోబర్‌లోనే తీసుకున్నాం. పన్నెండేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, వయసు చూపడానికి ఆధార్ ఉంటే చాలు. ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను మధ్యాహ్నం పూట సుపథం అనే విడి ప్రవేశ దారిలో పంపుతారు. బిడ్డ జనన ధ్రువీకరణ పత్రం, తల్లిదండ్రుల ఆధార్ కార్డులు వెంట ఉండాలి. చాలామందికి ఈ సౌకర్యం సంగతి తెలియక చంటిబిడ్డను ఎత్తుకుని మామూలు లైన్‌లో నిలబడుతుంటారు. చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. అక్క, బావ చంటిదాన్ని తీసుకుని అటు, మిగతా పిల్లలతో మేమంతా ఇటు అని ముందే విడగొట్టుకున్నాం. మా టికెట్ల సమయం కూడా మధ్యాహ్నానికే ఎంచుకున్నాం.

పెద్దోడు నడిచి కొండెక్కుతానని ఒకటే పట్టు. అందరితో అయితే కుదరదు, వాడొక్కడికి కుదురుతుంది. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిదేళ్లవాడికి ఎక్కువ. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర. నిట్టనిలువుగా ఉన్నా తొందరగా అయిపోతుంది. 2023లో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తర్వాత నుంచి మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లలను మెట్ల దారిలోకి వదలడం లేదు. అందుకని తమ్ముడు, పెద్దోడు పొద్దున్నే శ్రీనివాస మంగాపురం వైపు పోయి మెట్లు మొదలుపెట్టారు. గుంపులో ఉండండి, వాణ్ని ముందుకు పరిగెత్తనివ్వొద్దు, చెయ్యి వదలొద్దు అని అక్క మూడుసార్లు చెప్పి పంపింది. చిన్నపిల్లలతో పోయినప్పుడు పెద్ద పిల్లల సరదా అంతా చిన్నవాళ్ల నిద్రలకు, తిండ్లకు బలైపోతుంది. రోజంతా "నువ్వు పెద్దోడివి కదా, సర్దుకో" అనిపించుకున్న పిల్లవాడికి తనదంటూ ఒక్క పూటైనా ఉండాలి. ఆ మెట్లు వాడివి.

మేం బండిలో అలిపిరి తనిఖీ దాటాం. కొండమీదికి ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు తీసుకుపోనివ్వరు కాబట్టి ఇంటినుంచే స్టీలు సీసాలు తెచ్చుకున్నాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు కాకుండా మాకు తెలిసిన పద్ధతి: బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలు, పాలు వద్దు, కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, ఫోన్ చేతికివ్వకూడదు. వాంతి వచ్చే పిల్లలను ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరంగా ఉన్న కొండను చూడమనాలి. తెరిచి పెట్టుకున్న కవరు, తడి గుడ్డ చేతికందేలా ఉండాలి. నాలుగేళ్లవాడికి ఒక్కసారే అయింది, బట్టలు పాడవలేదు.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తు. కింద తిరుపతిలో స్వెట్టర్ విప్పేసే ఎండ ఉన్నా, పైన పొద్దున పూట చెవులు జివ్వుమంటాయి. పిల్లలకు మందపాటి స్వెట్టర్ ఒకటి కంటే పలచటి బట్టలు రెండు మూడు పొరలుగా వేయడం మేలు. లైన్‌లో గుంపు మధ్య ఉక్కపోస్తుంది, బయటికొస్తే చలి. విప్పడానికి, వేయడానికి వీలుండాలి. తలకు కుళ్లాయి, కాళ్లకు మేజోళ్లు తప్పనిసరి. గుళ్లోకి చెప్పులు ఉండవు, జనవరిలో బండరాయి నేల చల్లగా ఉంటుంది. రెండో జత మేజోళ్లు నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు. డబ్బులేమీ కట్టక్కర్లేదు, టోకెన్‌తో పాటు బ్లేడు ఇస్తారు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా, తమ్ముడు మెట్లెక్కి వచ్చేదాకా ఆగాం. తొమ్మిదిన్నరకు ఇద్దరూ చెమటలు కారుతూ వచ్చారు. పెద్దోడి ముఖం చూడాలి! "చిన్నమ్మా, అన్నీ లెక్కపెట్టా, ఒక్కచోట తప్పింది అంతే" అన్నాడు. చంటిది మొదట ఏడ్చినా, క్షురకుడు పెద్దాయన, చెయ్యి చాలా నెమ్మది. తల తడిపి, మాట్లాడిస్తూ రెండు నిమిషాల్లో ముగించేశాడు. గోరువెచ్చని నీళ్లతో స్నానం, తల తుడిచి గంధం, ఆరగానే మెత్తటి నూలు టోపీ. చలికాలంలో గుండు చేయించిన పసిబిడ్డకు ఒంట్లో వేడి తల నుంచి చాలా పోతుంది. ఆ టోపీ రాత్రిదాకా తీయనివ్వలేదు అమ్మ.

పదకొండింటికి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం. దర్శనానికి ముందే పిల్లల కడుపు నిండాలి. తరిగొండ మా పాత చిత్తూరు జిల్లా ఊరే, వెంగమాంబ తిరుమలకు వచ్చి అన్నదానం చేసిన తల్లి అని అమ్మ పిల్లలకు చెప్పింది. ఆకులో చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. ఇప్పుడు వడ కూడా వేస్తున్నారు. ఇంట్లో ఒక్కో ముద్దకు ఒక కథ చెప్పించుకునే మా చిన్నోడు అక్కడ వేల మంది మధ్య కూర్చుని తనంతట తానే తిన్నాడు. మజ్జిగ రెండోసారి అడిగి పోయించుకున్నాడు.

లైన్‌లోకి వెళ్లేముందు ప్రతి పిల్లవాడి మణికట్టు మీద పెన్నుతో తల్లి ఫోన్ నంబర్ రాశాం. ఫోన్లు లోపలికి రానివ్వరు, కౌంటర్‌లో పెట్టేయాలి. అందుకే బయట ఎక్కడ కలుసుకోవాలో పెద్దవాళ్లం ముందే అనుకున్నాం. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో పిల్లవాణ్ని అప్పగించాం. "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూడరు. నాకు మా చిన్నోడు, మావారికి పాప, మరదలికి వాళ్లబ్బాయి, తమ్ముడికి పెద్దోడు, అమ్మకు ఆరేళ్లవాడు. మా పెద్దవాళ్ల భుజాలు నొప్పి పుట్టాయి, నిజమే. కంపార్ట్‌మెంట్‌లో పిల్లలకు పాలు ఇచ్చారు. అవి తాగి ఇద్దరు నిద్రపోయారు. లోపల, గర్భగుడి గడప కులశేఖరపడి ఎదురుగా, మా చిన్నోడిని లేపాను. వాడు కళ్లు నులుముకుని, చుట్టూ అందరూ అంటున్నది విని "గోవిందా" అన్నాడు. ఆ క్షణంలో నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎన్నిసార్లు చూసినా తనివితీరని స్వామిని నా బిడ్డ గొంతుతో పిలవడం వినడం వేరే సంగతి.

ధనుర్మాసం కాబట్టి తెల్లవారుజామున సుప్రభాతం బదులు తిరుప్పావై ఉంటుంది. అమ్మకు అది వినాలని కోరిక. పిల్లలతో ఆ వేళకు కుదరలేదు, ఆమెను ఒకసారి విడిగా తీసుకురావాలని తమ్ముడు, నేను అనుకున్నాం.

దర్శనం తర్వాత శిలాతోరణం ఒక్కటే చూశాం. సహజంగా ఏర్పడిన రాతి వంపు, పక్కన పార్కు. అక్క, బావ అక్కడే కలిశారు, వాళ్లకు మా కంటే ముందే అయిపోయింది. ఆకాశగంగ, పాపవినాశనం వదిలేశాం. చీకటి పడకముందే దిగిపోయాం. దిగేది పాత ఘాట్ రోడ్డు, 1944 నాటిది. ఎక్కే దారి 1974లో వచ్చింది. దిగుతుంటే కొండ మీదికి పొగమంచు కమ్ముకోవడం కనిపించింది. బండిలో ఆ వేళకు మెలకువగా ఉన్నది అమ్మ, నేను, డ్రైవరన్న.

నాలుగో రోజు: నేలపట్టు, పులికాట్

ఇది నా సొంత ఎంపిక. చలికాలంలో తిరుపతి వచ్చిన పిల్లలకు గుళ్లు కాక ఇంకేం చూపించాలని ఎవరడిగినా నేను ఇదే చెబుతాను. 2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట వైపు ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఎక్కడెక్కడి పక్షులో అక్టోబర్ నుంచి మార్చి దాకా అక్కడే ఉంటాయి. జనవరిలో ప్రభుత్వం పక్షుల పండుగ కూడా చేస్తుంది, 2025లో 18 నుంచి 20 దాకా జరిగింది. స్టాళ్లు, ఆటపాటలు ఉంటాయి, పండుగ వాతావరణం. చిన్నపిల్లలకు పక్షులే కావాలనుకుంటే ఆ రోజులు తప్పించి వెళ్లడం మంచిది.

పొద్దున్నే నిద్రలో ఉన్న పిల్లలను రాత్రి బట్టలతోనే ఎత్తుకుని బండిలో పడుకోబెట్టాం. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా రెండు గంటలు. లేచేసరికి దొరవారిసత్రం వచ్చింది. రోడ్డు పక్క చెట్టుకింద ముఖాలు కడిగి, ఇడ్లీ, చెనిక్కాయల పొడి తినిపించాం. ఇంటినుంచి తెచ్చిన చిన్నపిల్లల ప్లాస్టిక్ పాటీ సీటు ఈ రోజే అక్కరకొచ్చింది.

నేలపట్టులో చెరువు నీళ్లలోనే చెట్లు నిలబడి ఉంటాయి, వాటి మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. కట్ట మీద నడుచుకుంటూ పోవచ్చు, ఎక్కి చూడటానికి టవర్ ఉంది. "అరిస్తే పిల్లపక్షులు భయపడతాయి" అని డ్రైవరన్న ఒక్కసారి చెప్పాడు. అంతే, అయిదుగురు నోళ్లు మూసుకున్నారు. ఇంట్లో నేను రోజంతా చెప్పినా వినని వాళ్లు! ముక్కు కింద సంచీ వేలాడుతున్న పెద్ద పక్షి వచ్చి గూటిమీద వాలింది. పక్షిపిల్లలు దాని గొంతులోకి తలలు దూర్చి చేపలు తింటున్నాయి. మా పాప అది చూసి నా చెవిలో అడిగింది, "అమ్మా, వాళ్లమ్మకు నొప్పి పుట్టదా?" పక్కనే ఉన్న అక్క చంటిదానికి పాలిస్తోంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

ఈ గూడబాతులు కాపురం ఇక్కడ పెట్టినా వేట ఎక్కువగా పులికాట్‌లో చేస్తాయి. తెల్లకంకణాలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా కనిపించాయి. బైనాక్యులర్స్ ఒక్కటే ఉంటే కొట్లాట వస్తుందని రెండు తెచ్చాం. చిన్నవాళ్లు దాంట్లోంచి చూడలేరు, అయినా మెడలో వేసుకుంటే చాలు వాళ్లకు.

అక్కణ్నుంచి సూళ్లూరుపేట, శ్రీహరికోట రోడ్డు. ఆ రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. రెండు వైపులా నీళ్లు, లోతు లేని నీళ్లు, వాటిలో దూరంగా తెల్లటి, గులాబీ రంగు వరస. దగ్గరయ్యేకొద్దీ ఆ వరస ఫ్లెమింగోలైంది. తల తిరగేసి ముక్కు నీళ్లలో పెట్టి, నీటిని వడకట్టుకుంటూ తింటాయి. తినే నాచులో, చిన్న రొయ్యల్లో ఉన్న రంగే వాటి ఈకలకు వస్తుంది, పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటాయి. ఈ సంగతి పెద్దోడు బడిలో చదువుకున్నాడు, తమ్ముళ్లకు వాడే చెప్పాడు. "అయితే క్యారెట్ తింటే నేను ఎర్రగా అవుతానా?" అని ఆరేళ్లవాడు. అవుతావని వాళ్లమ్మ వెంటనే అంది.

ఆ రోడ్డు మీద బండి దిగేటప్పుడు జాగ్రత్త. వాహనాలు వేగంగా వస్తాయి, అంచున గట్టు తక్కువ. పిల్లలను నీళ్ల వైపు నిలబెట్టి, రోడ్డు వైపు పెద్దవాళ్లం గోడలా నిలబడ్డాం. చివర షార్, అంటే ఇస్రో రాకెట్ కేంద్రం, గేటు. లోపలికి ఎవరు పడితే వాళ్లు పోలేరు. చంద్రయాన్-3 2023 జూలై 14న ఎగిరింది ఇక్కణ్నుంచే అని చెబితే, ఆ గేటును చూసినంతసేపు ఫ్లెమింగోలను కూడా చూడలేదు పెద్దోడు. రాకెట్ ప్రయోగం చూడాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. వాడికి ఇంకాస్త వయసొచ్చాక చూపిస్తానని తమ్ముడు మాటిచ్చాడు.

పెరుగన్నం బండిలోనే. వస్తూ అందరూ నిద్ర. శ్రీకాళహస్తి గోపురం దగ్గర ఆగుదామా అని మావారు అడిగితే, పిల్లలు లేస్తారని బండిలోంచే దండం పెట్టుకున్నాం.

అయిదో రోజు: కాణిపాకం, ఇల్లు

సామాను సర్దడం పొద్దున పదింటిదాకా పట్టింది. చంటిదానికి కాస్త ఒళ్లు వెచ్చబడింది. హైదరాబాద్‌లో బయల్దేరే ముందే పిల్లల డాక్టరు ప్రతి పిల్లవాడి బరువు ప్రకారం జ్వరం మందు ఎంత వేయాలో కాగితం మీద రాసిచ్చారు. థర్మామీటర్ పెట్టి చూస్తే జ్వరం లేదు, టోపీ మీద స్వెట్టర్ కుళ్లాయి కూడా కప్పేశారట అవ్వ. ఒకటి తీయగానే సర్దుకుంది.

చిత్తూరు ఇంకా పదకొండు పన్నెండు కిలోమీటర్లు ఉందనగా కాణిపాకం. బాహుదా నది పక్కన బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుడు. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు బావి తవ్వుతుంటే పార రాయికి తగిలి నెత్తురు వచ్చిందని, వాళ్ల లోపాలన్నీ పోయాయని అమ్మ కథ చెప్పింది. ఆరేళ్లవాడు పారలో తప్పేమీ లేదు కదా అని కాసేపు వాదించాడు. ఈ స్వామి ఎదుట అబద్ధం ఆడకూడదు, అందుకే జనం ప్రమాణాలకు ఇక్కడికి వస్తారు అని చెప్పగానే, నిన్న మామ సంచిలోంచి చాక్లెట్ తీసింది తనేనని మా పాప ఒప్పేసుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య పితికిపప్పు కూర, రాగి సంకటి చేసి ఉంచారు. అనపగింజలు నానబెట్టి, ఒక్కో గింజా పితికి పొట్టు తీయాలి, ఓపికతో కూడిన పని. ఈ కాలంలోనే దొరికే రుచి. బయట తిండి తక్కువే తిన్నాం కాబట్టి ఎవరికీ పొట్ట పాడవలేదు. సాయంత్రం భోగిమంటకు పిడకలు, ఎండుకొమ్మలు పోగు చేశాం. అయిదేళ్లలోపు ముగ్గురికీ భోగిపళ్లు పోయాలి కాబట్టి రేగుపళ్లు, చిల్లర, బంతిపూల రెక్కలు పళ్లెంలో సిద్ధం చేసి పెట్టింది అమ్మ. చంద్రగిరి వైపు పశువుల పండుగలో కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులను వదులుతారని విని పెద్దోడు అక్కడికీ పోదామన్నాడు. ఆ జనంలోకి, ఆ పరుగుల మధ్యకి పిల్లలను తీసుకుపోమని గట్టిగా చెప్పేశాం.

తలకోన మాత్రం వాడికి బాకీ ఉంది. 270 అడుగుల జలపాతం, భాకరాపేట మీదుగా శేషాచలం అడవిలోకి పోవాలి. వానలు తగ్గి నీళ్లు ఇంకా ఉన్న డిసెంబర్ చివరి రోజులు దానికి బాగుంటాయి, ఉధృతి ఎక్కువైతే అటవీశాఖ లోపలికి పంపదు. బండలు నాచుపట్టి జారతాయి కాబట్టి మూడేళ్లవాడు అయిదేళ్లవాడు కావాలి, చంటిది సొంతంగా నడవాలి. అప్పటిదాకా ఆగమని బావ చెబితే, క్యాలెండర్ తెచ్చి అక్కడే లెక్క వేయడం మొదలుపెట్టాడు.